వేసవిలో చల్లగా, జనం తక్కువగా ఉండే ఊరు: ఒక కోరికలో మూడు లెక్కలు

2024 ఏప్రిల్ 28న బెంగళూరు నగరంలో 38.5 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత నమోదయింది. అప్పటికే అనేక కాలనీల్లో బోర్లు ఎండిపోయి, అపార్టుమెంట్ల ముందు నీళ్ల ట్యాంకర్లు బారులు తీరి ఉన్నాయి. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఆ వేసవి నుంచి ఒక మాట తరచుగా వినిపిస్తోంది: ఎక్కడైనా చల్లగా, ప్రశాంతంగా, జనం రద్దీ లేని చిన్న ఊరు చూసుకుని వెళ్లిపోతే బాగుండును. అనంతపురం, కడప ఎండల నుంచి ఒకప్పుడు బెంగళూరు చల్లదనాన్ని వెతుక్కుంటూ వచ్చిన తరం ఇప్పుడు అదే చల్లదనం కోసం మరో ఊరి వైపు చూస్తోంది. మా ఇంట్లోనూ ఈ చర్చ రెండు వేసవులుగా సాగుతూనే ఉంది.

ఈ కోరిక ఒక్కటిగా కనిపిస్తుంది కానీ, విడదీసి చూస్తే ఇందులో మూడు వేర్వేరు కోరికలున్నాయి. చల్లదనాన్ని ప్రధానంగా భూమి ఎత్తు, గాలిలోని తేమ నిర్ణయిస్తాయి. జనం తక్కువగా ఉండటం అక్కడి బతుకుతెరువు మీద, పర్యాటకం మీద ఆధారపడుతుంది. నిశ్శబ్దం ఈ రెండింటికీ చెందని మూడో సంగతి. ఒకదాన్ని పట్టుకుంటే మరొకటి చేజారడం ఇక్కడ మామూలే.

ఎత్తు పెరిగితే ఎంత చల్లబడుతుంది?

పైకి వెళ్లేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గిన గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. సగటున ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత పడిపోతుందని లెక్క. బాగా పొడిగా ఉన్న మధ్యాహ్నపు గాలిలో ఈ తగ్గుదల 9.8 డిగ్రీల దాకా ఉండవచ్చు, తేమగా ఉంటే సగటు కన్నా తక్కువే ఉంటుంది.

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ 36 డిగ్రీలున్న మధ్యాహ్నం, 1,500 మీటర్ల ఎత్తునున్న ఏర్కాడులో సుమారు 32, దాదాపు 1,800 మీటర్ల ఎత్తునున్న కోటగిరిలో సుమారు 30, 2,240 మీటర్ల ఊటీలో 27 లేదా 28 ఉండాలి. ఈ లెక్క ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి 2024 నాటి ఆ ఎండలే మంచి పరీక్ష. ఏప్రిల్ నెలాఖరున బెంగళూరులో 38.5 ఉన్నప్పుడు ఊటీలో 29 డిగ్రీలు నమోదై, ఏడు దశాబ్దాల్లో ఎన్నడూ లేదని వార్తయింది. మన లెక్క ప్రకారం రావలసిన తేడా 8.6 డిగ్రీలు, వచ్చిన తేడా 9.5.

గత మే నెలలో సేలం నుంచి ఏర్కాడు ఎక్కుతూ, కారులో ముందు సీటు వెనుక నీడలో ఒక మామూలు థర్మామీటరు వేలాడదీసి, ఏసీ కట్టేసి, అద్దాలు దించి ప్రయాణించాను. కొండ కింద అది 38 చూపింది. 20 మలుపుల ఘాట్ రోడ్డు దాటి సరస్సు దగ్గర ఆగేసరికి 30కి దిగింది. ఎనిమిదో తొమ్మిదో మలుపు దగ్గర వెదురు పొదల మీదుగా వచ్చిన గాలి తగలగానే, వెనుక కూర్చున్న మా అత్తయ్య పైట కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నారు. థర్మామీటరు కన్నా ముందు ఆవిడకే తెలిసింది.

మన వాళ్ల ఊహల్లో తరచుగా వచ్చే ఊళ్లు కొన్ని ఈ లెక్క ముందు నిలబడవు. అరకు లోయ ఎత్తు 900 మీటర్ల పైచిలుకు, అంటే దాదాపు బెంగళూరు ఎత్తే. లంబసింగి సుమారు 1,000 మీటర్లు. శీతాకాలపు తెల్లవారుజామున అక్కడ పాదరసం సున్నా దరిదాపులకు పడిపోయి గడ్డి మీద మంచు పేరుకునే మాట నిజమే. అయితే అది గాలి కదలని లోయల్లో, మబ్బు లేని రాత్రుల్లో భూమి తన వేడిని ఆకాశానికి వదిలేయడం వల్ల కలిగే చలి. మే నెల మధ్యాహ్నానికి దానితో సంబంధం లేదు. శీతాకాలంలో చలిగా ఉండే ఊరు, వేసవిలో చల్లగా ఉండే ఊరు ఒకటి కావనే సంగతి ఇల్లు కొన్నాక తెలియడం బాధాకరం.

కుండలో నీళ్లు చల్లబడే ఊరు, చల్లబడని ఊరు

థర్మామీటరు చూపే అంకె ఒళ్లు అనుభవించే వేడిని పూర్తిగా చెప్పదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలి పొడిగా ఉంటేనే చెమట ఆరుతుంది. మదనపల్లెలో కొత్త కుండలో పోసిన నీళ్లు సాయంత్రానికి పళ్లు జివ్వుమనేలా చల్లబడతాయి. అదే కుండను చెన్నైలో సముద్రానికి దగ్గరున్న ఇంట్లో పెడితే అంతగా చల్లబడవు. కుండ మీద పనిచేసే సూత్రమే మన చర్మం మీదా పనిచేస్తుంది.

థర్మామీటరు గుండుకు తడి గుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే అది చూపే అంకెను తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. 36 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్నచోట ఆ అంకె సుమారు 21 నుంచి 22 దాకా ఉంటుంది. 33 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నచోట సుమారు 28కి చేరుతుంది. మొదటి చోట ఎండ చురుక్కుమన్నా నీడలోకి వచ్చి కూర్చుంటే ఊరట దొరుకుతుంది. రెండో చోట నీడలోనూ ఉక్కపోత వదలదు. రాయలసీమ నుంచి వచ్చిన వారికి 36 డిగ్రీల బెంగళూరు కన్నా 33 డిగ్రీల చెన్నై భారంగా అనిపించడానికి కారణం ఇదే.

పొడిగాలికి మరో గుణం ఉంది. తేమ, మబ్బు లేని రాత్రి భూమి త్వరగా చల్లబడుతుంది. దక్కన్ పీఠభూమి పల్లెల్లో మధ్యాహ్నం 37 ఉన్నా, తెల్లవారుజామున ఆరుబయట మంచం మీద దుప్పటి అవసరమయ్యేది ఇందుకే. నగరంలో ఈ లాభం చాలావరకు పోతుంది. పగలంతా వేడిని పీల్చుకున్న స్లాబులు, గోడలు, తారు రోడ్లు రాత్రంతా దాన్ని వదులుతూనే ఉంటాయి. చల్లని ఊరు కావాలనేవారిలో చాలామందికి నిజంగా కావలసింది చల్లని రాత్రి అని నా అభిప్రాయం. మధ్యాహ్నం రెండు గంటల ఎండను ఎవరైనా ఇంట్లో ఉండి దాటేస్తారు, నిద్ర పట్టని రాత్రిని దాటడం కష్టం. కోరికను ఇలా సవరించుకుంటే, 2,000 మీటర్ల కొండ ఎక్కవలసిన పని లేకుండా, నగరం వేడి తగలని 800 నుంచి 1,200 మీటర్ల మధ్య పల్లెలు కూడా లెక్కలోకి వస్తాయి.

రోహిణి కార్తె బెంగళూరుకు ఎందుకు వర్తించదు?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మే చివరి వారం నుంచి జూన్ తొలి వారం దాకా ఉండే ఎండ గురించి పుట్టింది. కోస్తాకు అది అక్షరాలా నిజం. బెంగళూరులో మాత్రం అప్పటికి వేసవి తలొగ్గి ఉంటుంది. ఈ అక్షాంశం మీద సూర్యుడు ఏప్రిల్ 24, 25 తేదీల ప్రాంతంలో సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. అప్పటికి మబ్బులుండవు కనుక అశ్విని, భరణి కార్తెలే ఇక్కడ గట్టి ఎండలు. మే నెలలో సాయంత్రపు ఉరుముల వానలు మొదలై వేడిని దించేస్తాయి. కాఫీ సీమలో పూత వానలనీ, మైదానంలో మామిడి వానలనీ పిలిచేవి ఇంకా ముందే ఒకటి రెండుసార్లు పలకరిస్తాయి. చెన్నై దాదాపు ఇదే అక్షాంశం మీద ఉన్నా, పడమటి నుంచి వీచే పొడిగాలి సముద్రపు గాలిని ఆపడం వల్ల అక్కడ మే చివర, జూన్ మొదట్లోనే వేడి పరాకాష్ఠకు చేరుతుంది.

అంటే బెంగళూరు మనిషి తప్పించుకోవలసిన వేడి ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది వారాలది. ఆ వారాల కోసం ఏడాది పొడవునా ఉండే ఊరిని మార్చుకోవడం సమంజసమా అనే ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

వేసవి చల్లదనానికి వానాకాలం వసూలు చేసే మూల్యం

పడమటి కనుమల్లోనే రెండు ఊళ్లు రెండు వేర్వేరు లోకాల్లా ఉండవచ్చు. నైరుతి రుతుపవనాలకు ఎదురుగా ఉన్న మడికేరిలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. అదే కనుమల తూర్పు వాలు మీది కోటగిరికి రుతుపవనం బలం తగ్గాకే చేరుతుంది. తూర్పు కనుమలకు చెందిన ఏర్కాడు, ఏలగిరి వంటి కొండల్లోనూ వాన మడికేరితో పోలిస్తే మితమే.

మడికేరి దగ్గర ఒక కాఫీ తోటలో అద్దెకుంటున్న మిత్రుడి ఇంటికి ఆగస్టులో వెళ్లాను. బీరువా తలుపు చెక్క ఉబ్బి తెరుచుకోలేదు. గట్టిగా లాగితే లోపల వేలాడుతున్న తోలు బెల్టు మీద పచ్చటి బూజు వెల్వెట్టులా పరుచుకుని ఉంది. వాళ్లమ్మగారు పిల్లవాడి స్కూలు చొక్కాను పొయ్యి పైన కట్టిన తాడు మీద ఆరబెడుతున్నారు, అప్పటికి మూడు రోజులుగా కరెంటు లేదట. ఏప్రిల్‌లో ఆ ఇల్లు చూసి మనసు పారేసుకున్నవారికి ఆగస్టులోని ఆ ఇల్లు తెలియదు. ఇది అసౌకర్యం మాత్రమే. 2018 ఆగస్టులో కొడగులో, 2024 జూలై 30న వయనాడులోని ముండక్కై, చూరల్‌మలలో కొండచరియలు విరిగిపడి జరిగిన ప్రాణనష్టం వేరే స్థాయి విషయం. ఏటవాలు, మట్టి మందం, పైన చెట్లు కొట్టారా, వాగు దారి మళ్లించారా అన్నవి ఇంటి సౌందర్యం కన్నా ముందు చూడదగినవి కావడానికి కారణం ఆ రెండు దుర్ఘటనలే.

పొడిగాలి కోరి కొండలను వెతికిన చరిత్ర కూడా మనకుంది. మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం శానిటోరియం వెలిసింది ఆ వాతావరణాన్ని నమ్మే. ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి విడిది కట్టుకున్నాకే దానికి హార్స్‌లీ హిల్స్ అన్న పేరు స్థిరపడింది. దాని ఎత్తు సుమారు 1,250 మీటర్లు, లెక్క ప్రకారం బెంగళూరు కన్నా రెండు డిగ్రీలే తక్కువ. అయినా అక్కడి రాత్రుల చల్లదనం ఆ రెండు డిగ్రీలకు మించినదని వెళ్లినవారందరికీ తెలుసు.

జనసాంద్రత అంకెలు దాచిపెట్టేది

2011 జనగణన ప్రకారం బెంగళూరు నగర జిల్లాలో చదరపు కిలోమీటరుకు 4,300 మందికి పైగా ఉండగా, కొడగులో 135 మంది, నీలగిరి జిల్లాలో సుమారు 287 మంది. కాగితం మీద నీలగిరి ఎంతో ప్రశాంతంగా కనిపిస్తుంది. కానీ జనగణన ఇంట్లో ఉన్నవారినే లెక్కిస్తుంది, కార్లలో వచ్చి పోయేవారిని లెక్కించదు. ఎండలు ముదిరిన వారాల్లోనే ఊటీ, కొడైకెనాల్ దారులు వాహనాలతో నిండిపోతాయి. రద్దీ అదుపు తప్పడంతో మద్రాసు హైకోర్టు ఆదేశాల మేరకు 2024 మే 7 నుంచి ఈ రెండు చోట్లకూ ఈ-పాస్, అంటే ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, తప్పనిసరి చేశారు. 2025 ఏప్రిల్, జూన్ మధ్య ఊటీకి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలకు, కొడైకెనాల్‌కు 4,000, 6,000 వాహనాలకు పరిమితి విధించారు.

పరిమితే రోజుకు 6,000 వాహనాలంటే, ఆ ఊళ్లో కాపురం ఉండేవారికి కూరగాయల బజారుకు వెళ్లి రావడం ఎలా ఉంటుందో ఊహించవచ్చు. చల్లదనానికి పేరు పడిన ఊరు ఆ చల్లదనం అవసరమైన రోజుల్లోనే కిక్కిరిసిపోతుంది. జనం లేని చోటు కావాలంటే పేరు పడని చోటే కావాలి. పేరు పడకపోవడానికి సాధారణంగా ఒక కారణం ఉంటుంది: సరస్సు లేదు, వ్యూపాయింట్ లేదు, హోటలు లేదు, చాలాసార్లు మంచి ఆసుపత్రి కూడా లేదు.

నిశ్శబ్దం అంటే శబ్దం లేకపోవడమేనా?

2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ మించరాదు. ఈ కొలత మామూలు కూడికలా పెరగదు. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది, 65 డెసిబెల్స్ అంటే 45కు వంద రెట్లు. అయితే పల్లెలో నిద్ర చెడగొట్టేది సగటు శబ్దం కాదు, విడిగా వినిపించే ఒక్క శబ్దం. నగరంలో రొదకు అలవాటుపడిన చెవి, తెల్లవారుజామున ఐదింటికి గుడి మైకుకో, పొలంలో మోటారుకో ఉలిక్కిపడుతుంది. పైగా చల్లని రాత్రుల్లో నేలను ఆనుకున్న గాలి పైగాలి కన్నా చల్లగా ఉండటం వల్ల శబ్దం పైకి పోకుండా కిందికి వంగి దూరం ప్రయాణిస్తుంది. లోయ అవతలి పెళ్లి పాటలు పక్కింట్లోంచి వచ్చినట్టు వినిపించేది అందుకే.

కొనగలిగే భూమి, కొనలేని భూమి

ఈ అంశంలో అపోహలు ఎక్కువ, నష్టాలు పెద్దవి. అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి ప్రాంతాలు షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతంలో, ఉన్నాయి. 1959 నాటి భూ బదలాయింపు నియంత్రణకు 1970లో చేసిన సవరణను అందరూ 1/70 చట్టమంటారు. దాని ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు, ఒక గిరిజనేతరుడి నుంచి మరో గిరిజనేతరుడికి కూడా కాదు. స్టాంపు కాగితం మీద ఒప్పందం రాసిచ్చి డబ్బు తీసుకునే మధ్యవర్తులు ఉన్నారు. ఆ కాగితానికి చట్టం ముందు విలువ లేదు. ఈ చట్టాన్ని అడ్డంకిగా కాక, గిరిజనుల కాళ్ల కింద నేల నిలబెట్టిన రక్షణగా చూడాలి. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం సైతం ఆ ప్రాంతంలో ప్రైవేటు గనుల సంస్థలకు భూమిని లీజుకు ఇవ్వరాదని తేల్చింది.

కర్ణాటకలో 2020 దాకా వ్యవసాయదారులు కానివారు సాగు భూమి కొనడానికి వీలుండేది కాదు. ఆ ఏడాది భూ సంస్కరణల చట్టాన్ని సవరించి ఆ నిషేధం తొలగించారు. అయితే కొనడం వేరు, అందులో ఇల్లు కట్టడం వేరు, దానికి భూమి వినియోగ మార్పిడి విడిగా జరగాలి. కొడగులో ఇంకో చిక్కు ఉంది. అక్కడి జమ్మా భూములు వంశపారంపర్యంగా కుటుంబాలకు ఉమ్మడిగా సంక్రమించినవి కనుక, ఎప్పుడో కాలం చేసిన పూర్వీకుల పేర్లే రికార్డుల్లో కొనసాగుతున్న సందర్భాలున్నాయి. అమ్ముతున్నానని వచ్చిన ఒక్కరి సంతకం అక్కడ సరిపోకపోవచ్చు. తమిళనాడులో సాగు భూమి కొనడానికి రైతు అయి ఉండాలన్న నియమం లేదు. కానీ నీలగిరి, కొడైకెనాల్, ఏర్కాడు వంటి చోట్ల నోటిఫై చేసిన కొండ గ్రామాల్లో లేఅవుట్లకూ, నిర్మాణాలకూ 1990లో ఏర్పాటైన కొండ ప్రాంతాల పరిరక్షణ సంస్థ నిబంధనలు వర్తిస్తాయి.

వెళ్లాలన్న వాదన, ఉండాలన్న వాదన, రెండు కుటుంబాల లెక్క

వెళ్లిపోవాలనేవారి వాదనలో బలముంది. నగరం చల్లబడే సూచనలు లేవు, ఇంటి నుంచి పని చేసే వెసులుబాటు కొందరికైనా ఉంది. ఉండిపోవాలనేవారు, స్లాబుకు తెల్లసున్నం వేసి, పడమటి గోడకు నీడ కల్పించి, ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఆరు వారాల ఎండను తట్టుకోవచ్చంటారు. పర్యావరణ దృష్టితో మాట్లాడేవారిది మూడో మాట: అందరూ కొండెక్కితే కొండ నిలవదు, అక్కడి ఊటలు, కొండ మడతల్లో పెరిగే షోలా అడవులు ఇప్పటికే ఒత్తిడిలో ఉన్నాయి. ఈ మూడో మాటను తేలిగ్గా తీసుకోవడం నాకు చేతకాదు. రెండు నెలలకు మాత్రమే అద్దెకు వెళ్లి వచ్చే పద్ధతి కొత్తగా కట్టే ఇళ్ల సంఖ్యను తగ్గించే మాట నిజమే. కానీ రద్దీ వారాల్లో ఆ అద్దెలు ఆకాశాన్నంటుతాయి.

ఊహకు రెండు కుటుంబాలను తీసుకుందాం. మొదటిది ఉద్యోగ విరమణ చేసిన దంపతులది, వారిలో ఒకరికి గుండె జబ్బు. కోటగిరి వారికి బెంగళూరు కన్నా దాదాపు ఆరు డిగ్రీల చల్లదనం ఇస్తుంది. కానీ పెద్దాసుపత్రి కోసం ఘాట్ రోడ్డు దిగి సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని కోయంబత్తూరుకు వెళ్లాలి. పిల్లలు బెంగళూరు నుంచి బయలుదేరితే దగ్గరి దారి బందీపూర్ అడవి మీదుగా ఉంది. అది రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మామూలు వాహనాలకు మూసే ఉంటుంది, అంబులెన్సులకు మాత్రం మినహాయింపు. అదే దంపతులు మదనపల్లె పరిసరాలను ఎంచుకుంటే ఎత్తు 700 మీటర్లే కనుక మధ్యాహ్నం బెంగళూరు కన్నా ఒకటిన్నర డిగ్రీ ఎక్కువ వేడి భరించాలి. బదులుగా పొడిగాలి, చల్లని తెల్లవారుజాములు, మాతృభాషలో మాట్లాడే డాక్టరు, సుమారు 120 కిలోమీటర్లలో బెంగళూరు దొరుకుతాయి.

రెండోది ఇంటి నుంచి పనిచేసే యువ దంపతులది. హోసూరు దాటాక డెంకణికోట, తళి వైపు గ్రామాలు దాదాపు బెంగళూరు ఎత్తులోనే ఉన్నాయి. తమిళనాడులో ఉన్నా, అక్కడి పల్లెల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడేవారు ఎందరో. మధ్యాహ్నపు వేడి బెంగళూరుతో సమానమే అయినా కాంక్రీటు లేని రాత్రి వారికి దక్కుతుంది, పర్యాటకుల తాకిడి తక్కువ. కానీ అది ఏనుగులు తిరిగే దారి కూడా. రాగి కోతల కాలంలో మందలు అడవి దాటి చేలల్లోకి దిగుతాయి, రైతులు రాత్రంతా మంచెల మీద కాపలా ఉండి టపాసులు పేలుస్తారు. ఆ వారాల్లో ఆ ఇంటి నిశ్శబ్దాన్ని చెదరగొట్టేది ఆ టపాసుల చప్పుడే, చీకటి పడ్డాక పాలకేంద్రం దాకా నడిచి వెళ్లడం కూడా మానుకోవలసి వస్తుంది.